టైమర్ మొదలవగానే బిగుసుకుపోతుంటే
నా ఒంటిని, నా కోరికల్ని దాపరికం లేకుండా ఫొటో తీసుకోవాలని కూర్చుంటాను, టైమర్ మొదలవగానే పాస్‌పోర్ట్ ఫొటోలా బిగుసుకుపోతాను అన్నారు కదండీ. తప్పు మీది కాదు, ఆ 10 సెకన్ల లెక్కదే. కెమెరా తనంతట తానే వరసగా తీసే ఇంటర్వల్ మోడ్‌లో 5 సెకన్లకొకటి చొప్పున 100 ఫొటోలు పెట్టి వదిలేయండి. 8 నిమిషాల పైమాటే. సగానికొచ్చేసరికి కెమెరా సంగతే మరిచిపోతారు.

ముఖంతో మొదలుపెట్టొద్దు. కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా కూర్చుని మెడ వంపో, దుప్పటి అంచు పిడికిట్లో నలుపుతున్న వేళ్లో తీయండి. ఫోకస్ ముందే మాన్యువల్‌లో పెట్టేయండి. ముఖం కావాలనిపించిన రోజు షట్టర్ స్పీడ్ 1 సెకనుకు దించి కాస్త కదలండి. 1970లలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సెస్కా వుడ్‌మన్ తన ఫొటోల్లో అలాగే మసకబారిపోయేది, ఉండీ లేనట్టు.

అన్నట్టు, ఫోన్‌తో తీస్తుంటే ముందు క్లౌడ్ బ్యాకప్ ఆపేయండి.