కార్తీక పౌర్ణమి రోజు మా హాల్లో పగిలిన ఆ గాజు గొట్టం

"ఫ్లాట్‌లో మంటలార్పడానికి సీలింగ్‌కి బిగించే నీళ్ల స్ప్రింక్లర్లు నిజంగా పనికొస్తాయా? ఫాల్స్ సీలింగ్ చేయించేటప్పుడు తీయించేయొచ్చా?" అని ఒకరు అడిగారు. దయచేసి తీయించకండి.

మాది హైదరాబాద్‌లో పద్నాలుగో అంతస్తు. కార్తీక పౌర్ణమి సాయంత్రం అత్తమ్మ బాల్కనీలో తులసికోట దగ్గర 365 వత్తులు వెలిగించారు. నేతిలో నానిన కట్ట కదా, మంట జానెడు పైకి లేచింది. హారతి పళ్లెం కోసం ఆవిడ లోపలికొచ్చారు, నేను పాపకు జడ వేస్తున్నాను. గాలికి హాలు కర్టెన్ బయటికెగిరి ఆ మంట మీద పడింది. "అమ్మా, ఏదో వాసన" అని పాప అనేలోపే కర్టెన్ పైదాకా అంటుకుని, సోఫా కూడా రాజుకుంది. బకెట్ కోసం బాత్రూంలోకి పరిగెత్తి నల్లా తిప్పానో లేదో, హాల్లో టప్‌మని చప్పుడు, వెంటనే నీళ్ల హోరు. మొదట పైపులో నిలవున్న నల్లటి నీళ్లు, తుప్పు కంపు. నేను బకెట్‌తో వచ్చేసరికి సోఫా పొగలు కక్కుతోంది, మంట మాత్రం లేదు. సెక్యూరిటీ అన్న వచ్చి వాల్వ్ కట్టేసేదాకా నీళ్లు పడుతూనే ఉన్నాయి. సోఫా, టీవీ పోయాయి. పోనీండి.

సినిమాల్లోలా ఇల్లంతా వాన కురవదు. సాంబ్రాణి పొగకూ, పోపు ఘాటుకూ స్ప్రింక్లర్ కదలదు. దాని నీళ్ల దారికి అడ్డుగా ఉండే ఎర్ర ద్రవం ఉన్న గాజు గొట్టం 68 డిగ్రీల వేడికి పగిలి నీళ్లు వదులుతుంది, అదీ మంట పైనున్నది మాత్రమే. మా పడగ్గదుల్లోవి చుక్క కూడా కార్చలేదు.

నా బాధల్లా ఇంటీరియర్ వాళ్లతోనే. అందం చెడుతుందని వాటిని జిప్సం బోర్డు వెనక దాచేస్తారు, పెయింటర్లు ఆ గాజు మీదే రంగు పూసేస్తారు. అప్పుడు వేడి తగిలేదెలా? కొన్ని అసోసియేషన్లయితే స్ప్రింక్లర్లకు నీళ్లు తోసే ఫైర్ పంపును ఆటోమేటిక్‌లోంచి తీసి మాన్యువల్‌లో పెడతాయి, అప్పుడు ఎవరో వెళ్లి ఆన్ చేస్తేనే అది నడుస్తుంది. మెట్ల నిండా చెప్పుల స్టాండ్లు, పాత సైకిళ్లు. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకుని 17 మంది పోయారు. ఇరుకు మెట్లు, నిండా పొగ. ఫైరింజన్ వచ్చేదాకా పొగ ఆగుతుందా? మంట చిన్నగా ఉన్నప్పుడే నీళ్లు పడాలి. కాలిఫోర్నియాలో 2011 నుంచి కొత్తగా కట్టే సొంత ఇళ్లకు కూడా ఇవి తప్పనిసరి. మనకు ఇంకా "దండగ ఖర్చు".

పోయిన నెల మా ఇంటికి రంగులు వేయించాం. పెయింటర్లు వెళ్లేదాకా ప్రతి స్ప్రింక్లర్‌కూ ప్లాస్టిక్ కవర్ కట్టి ఉంచాను, వెళ్లాక స్టూలెక్కి ఒక్కొక్కటీ నేనే విప్పాను. కింద స్టూలు పట్టుకున్నది అత్తమ్మే.