గ్యాంగ్ గొడవలు ఆపడానికి పిల్లల్నే లీడర్లుగా పెడితే పనిచేస్తుందా?

టీనేజ్ పిల్లల్నే లీడర్లుగా తయారుచేసి, తోటివాళ్లు గ్యాంగుల్లో పడకుండా చూసుకునే ప్రోగ్రామ్ పెడితే నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక ఫొటోలతో సరిపోతుందా అని అడిగారు. అలాంటి ప్రోగ్రామ్‌లో కొన్నేళ్లు కోఆర్డినేటర్‌గా పనిచేశాను. ఉపయోగం ఉంటుంది. కాకపోతే లీడర్లుగా ఎవరిని తీసుకుంటారన్న దగ్గరే సగం విషయం తేలిపోతుంది.

టీచర్లను పేర్లు అడిగితే బాగా చదివేవాళ్లు, చెప్పిన మాట వినేవాళ్లు వస్తారు. మంచి పిల్లలే, కానీ కొట్లాటకు బయల్దేరినవాడు వాళ్ల మాట చెవిన పెట్టడు. పిల్లల్నే అడగండి. అదీ 'మంచి లీడర్ ఎవరు' అని కాదు, 'నువ్వు ఎవరితో ఎక్కువ తిరుగుతావు' అని. అమెరికాలోని న్యూజెర్సీలో 56 మిడిల్ స్కూళ్లలో ఎలిజబెత్ పాలక్ బృందం చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. కొద్దిమంది విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, గొడవలకు వ్యతిరేకంగా వాళ్లనే ముందుకు రమ్మన్నారు. ఇలా శిక్షణ ఇచ్చిన స్కూళ్లలో, ఇవ్వని స్కూళ్లతో పోలిస్తే, గొడవల మీద నమోదయ్యే క్రమశిక్షణ కేసులు ఏడాదిలో దాదాపు 30 శాతం తగ్గాయి. తోటివాళ్లు ఎక్కువగా కలిసి తిరిగే పిల్లలు ఆ కొద్దిమందిలో ఎంత ఎక్కువ ఉంటే ఫలితం అంత బాగుంది. అయితే అవి స్కూలు గొడవలు, ఆయుధాలు పట్టే గ్యాంగులు కావు.

అలాగని దారి తప్పుతున్న కుర్రాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. ఒకడు చేసిన ఘనకార్యం చెబుతాడు, మిగతావాళ్లు నవ్వుతారు, ఆ నవ్వే వాడికి బహుమతి. ఇలాంటి గ్రూపుల వల్ల కొన్నిసార్లు మేలు కన్నా కీడే ఎక్కువని డిషియన్, మెక్‌కార్డ్ వంటి పరిశోధకులు 1999లోనే హెచ్చరించారు.

మా లీడర్లలో ఒకమ్మాయి ఉండేది, మీటింగుల్లో నోరు విప్పేదే కాదు. ఒకసారి ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ దగ్గర మొదలైన మాటలు సాయంత్రానికి రెండు గుంపులు పోగయ్యేదాకా వెళ్లాయి. ఆ అమ్మాయి ఎవరికీ నీతులు చెప్పలేదు. కోపంగా ఉన్న కుర్రాణ్ణి పక్కకు పిలిచి, "వాడు ఆ స్టోరీ తీసేస్తే చాలా, లేక అందరి ముందూ సారీ చెప్పాలా?" అని అడిగింది. కాసేపు గింజుకుని, తీసేస్తే చాలన్నాడు. అవతలివాడికి ఫోన్ చేసి, "ఇప్పుడే తీసెయ్, ఎవరో అడిగితే తీసినట్టు ఉండదు" అంది. ఇద్దరి పరువూ నిలబడింది. పెద్దవాళ్లం వెళ్లుంటే ముందు తప్పెవరిదో తేల్చడానికి కూర్చునేవాళ్లం, ఈలోపు చూసేవాళ్లు పెరిగేవాళ్లు.

కానీ కత్తి, తుపాకీ మాట వినపడిందంటే అది ఇక పిల్లల పని కాదు. 2000లో షికాగోలో కాల్పులు ఆపడానికి డాక్టర్ గ్యారీ స్లట్కిన్ మొదలుపెట్టిన పద్ధతిలో (ఇప్పుడు క్యూర్ వయొలెన్స్ అంటున్నారు) గొడవ మధ్యలోకి వెళ్లేది శిక్షణ పొంది, జీతం తీసుకునే పెద్దవాళ్లు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఆ గ్యాంగుల మధ్య తిరిగినవాళ్లే. పదహారేళ్ల పిల్లకు ఆ బరువు అప్పగించడం అన్యాయం.

ఇన్ఫార్మర్ అన్న ముద్ర ఇంకో పెద్ద టెన్షన్. అది ఒక్కసారి పడితే ఆ లీడర్‌తో ఎవరూ మాట్లాడరు, పైగా ప్రమాదం కూడా. ఆయుధం, ఆత్మహత్య ఆలోచన, ఎవరికైనా హాని జరగబోతోందన్న సమాచారం మాత్రం పెద్దవాళ్లకు చెప్పి తీరతామని మొదటిరోజే అందరికీ చెప్పేయండి. మిగతావి వాళ్ల మధ్యే ఉండనివ్వండి.

డబ్బు తక్కువుంటే టీషర్టులు, బ్యానర్లు మానేయండి. రాత్రి పదింటికి లీడర్ ఫోన్ చేసినా ఎత్తే ఒక పెద్దమనిషికి జీతం పెట్టండి.