గూడ్సు డీజిల్ ఇంజన్లు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డబ్ల్యుడిఎం-3ఏ, డబ్ల్యుడిజి-3ఏ రెండూ 3100 హార్స్‌పవరే కదా, బరువైన గూడ్సులకు రెండోదాన్నే ఎందుకు కట్టేవారు? (గుత్తి)

జవాబు: పేరులో ఎం అంటే మిక్స్‌డ్, జి అంటే గూడ్సు. 3 అంటే మూడు వేల హార్స్‌పవర్, ఏ అంటే పైన ఇంకో వంద. ఇంజను మాత్రం రెండింటికీ ఒకటే: అమెరికా కంపెనీ ఆల్కో రూపొందించిన 16 సిలిండర్ల 251 రకం. 1962లో అమెరికా నుంచి దిగిన డబ్ల్యుడిఎం-2లో అది 2600 ఇచ్చేది. ఆల్కో 1969లో లోకోల తయారీ మానేసింది. వారణాసి కార్ఖానా ఆ ఇంజన్నే ఇంకా పెంచుకుంటూ వచ్చింది. 1990ల్లో వచ్చిన జి-3ఏ దాని ఫలితమే.

తేడా అంతా చక్రాల దగ్గరే. మోటారు పినియన్‌కు, అంటే మోటారు కొసన ఉండే చిన్న గేరుకు, రెండింట్లోనూ 18 పళ్లు. ఇరుసు గేరుకు ఎం-3ఏలో 65, జి-3ఏలో 74. అందుకే జి-3ఏకి లాగే బలం ఎక్కువ. గరిష్ఠ వేగం మాత్రం 120 నుంచి 100 కిలోమీటర్లకు తగ్గింది. బరువు 123 టన్నులు, అంటే ఇరుసుకు 20.5. అన్నిటికన్నా ముఖ్యం బోగీ, అంటే ఇంజను కింద ఇరుసులూ మోటార్లూ బిగించే చట్రం. ఎం-3ఏలోని పాత బోగీలో మూడు మోటార్లూ ఒకే దిక్కుకు ఉండవు. నిలిచిన ర్యాకును (వ్యాగన్ల వరుసను) కదిపేటప్పుడు కొన్ని ఇరుసుల మీద బరువు తేలిపోయి చక్రం జారుతుంది. జి-3ఏలోని కొత్త బోగీలో మోటార్లన్నీ ఒకే వైపు తిరిగి ఉంటాయి కాబట్టి ఆ తేలిక చాలావరకు తగ్గింది.

అయినా ఎత్తు మీద, తడి పట్టాల మీద జారుడు తప్పదు. అప్పుడు నాచ్ (ఇంజను శక్తిని పెంచే, తగ్గించే మెట్టు) అలాగే పట్టుకోకూడదు, చక్రం ఒకేచోట తిరిగి పట్టా కాలి గుంట పడుతుంది. నాచ్ దించాలి, ఇసుక వదలాలి, పట్టు దొరికాక ఒక్కొక్కటిగా ఎక్కించాలి.

ప్రశ్న: కదిలేటప్పుడు అంత నల్లపొగ ఎందుకు? (కాజీపేట)

జవాబు: నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే పెరుగుతుంది. గాలి నింపే టర్బో మాత్రం పొగవాయువుల బలంతో తిరిగేది, అది ఊపందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపు గాలి చాలని డీజిల్ మసి అవుతుంది. కాసేపట్లో పొగ పల్చబడితే చింత లేదు. స్థిరమైన నాచ్‌లోనూ నల్లగానే వస్తుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ నాజిళ్లు, ఎయిర్ ఫిల్టర్లు, టర్బో వరుసగా చూడాలి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోందని.

ప్రశ్న: కరెంటు లైన్లు వచ్చాక వీటి గతి?

జవాబు: చాలావాటికి విశ్రాంతే. 2018లో వారణాసిలో రెండు జి-3ఏలను కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు లోకోగా మార్చారు.