టెక్ సందేహాలు: గ్యారేజీలో దొరికిన పాత రంపం పనికొస్తుందా?

ప్రశ్న: న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాం. వెనుకటి యజమాని గ్యారేజీలో ఒక పెద్ద రంపం వదిలి వెళ్లారు. క్రాఫ్ట్స్‌మన్ పేరు ఉంది, 10 అంగుళాల బ్లేడు. బల్ల వెనుక ఒక స్తంభం, దాని మీద నుంచి ముందుకు చాచిన ఇనుప చేయి, ఆ చేతి కింద వేలాడుతూ మోటారు. పుస్తకాల అలమర చేసుకోవాలని నా కోరిక. దీన్ని వాడవచ్చా, పారేయాలా?

జవాబు: దీని పేరు రేడియల్ ఆర్మ్ సా. మీరుండే రాష్ట్రంలోనే పుట్టింది. న్యూజెర్సీలోని బ్రిడ్జ్‌టన్‌లో రేమండ్ డివాల్ట్ 1922లో దీన్ని రూపొందించారు. ఈనాటి పసుపు రంగు డ్రిల్లుల మీద కనిపించే పేరు ఆయనదే.

ప్లగ్గు పెట్టకముందే మోడల్ నంబరు చూడండి. అది 113తో మొదలైతే ఎమర్సన్ సంస్థ తయారు చేసి, సియర్స్ దుకాణాల్లో క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మిన రంపం అయి ఉంటుంది. 1958 నుంచి 1992 వరకు అమ్మిన ఇలాంటి రంపాలు సుమారు 37 లక్షలకు 2000 సంవత్సరంలో రీకాల్ ప్రకటించారు, అంటే లోపం ఉందని సరిచేయడానికి పిలుపు ఇచ్చారు. పాత గార్డు, అంటే రక్షణ తొడుగు, బ్లేడు పైసగాన్ని మాత్రమే కప్పుతుంది, కిందిసగం పళ్లు బయటే ఉంటాయి. కారణం అదే. కింది భాగాన్ని కూడా కప్పే కొత్త గార్డు మీ రంపానికి అమర్చి ఉందా, లేదా? లేకపోతే అది అమర్చే వరకు ఒక్క చెక్క కూడా కోయవద్దు. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను.

గార్డు ఉంటే అసలు పరీక్షకు రండి. ఈ రంపం మంచిచెడ్డలన్నీ ఆ ఇనుప చేతిలోనే ఉన్నాయి. దాన్ని 90 డిగ్రీల దగ్గర బిగించి, కొసను పట్టుకుని పక్కలకు నెట్టండి. కదలిక తెలిస్తే అది ఎక్కడ పుడుతోందో వెతకండి. స్తంభం తన పీటలో కదులుతోందా, చేయి స్తంభం మీద కదులుతోందా? చాలా రంపాల్లో ఈ రెండింటికీ బిగింపు బోల్టులు ఉంటాయి. బిగించినా ఆగకపోతే ఆ రంపం మీద ఆశ వదులుకోండి. తర్వాత మోటారును ఇనుప చేతి పొడవునా ముందుకీ వెనక్కీ జరపండి. ఎక్కడా పట్టేయకూడదు, ఎక్కడా వదులు కాకూడదు. బ్లేడు తీసేసి ఇరుసును చేత్తో తిప్పితే గరగర వినిపించకూడదు. వినిపించినా భయం లేదు, బేరింగులు మార్చవచ్చు. పైన చెక్క బల్ల ఉబ్బి వంకర తిరిగి ఉంటే అదసలు లోపమే కాదు. ఆ బల్ల కోతలు పడి అరిగిపోవడానికే ఉంటుంది. కొత్త ప్లైవుడ్ వేసుకోండి.

సర్దుబాటుకు ఒక వరుస ఉంది. మొదట బల్ల అంతటా ఇనుప చేతికి సమాంతరంగా ఉండాలి. తర్వాత బ్లేడు బల్లకు మూలమట్టంగా (సరిగ్గా 90 డిగ్రీలకు), ఆ తర్వాత చెక్కను ఆనించడానికి వెనుకనున్న అడ్డపట్టీ కోతకు మూలమట్టంగా ఉండాలి. ఈ క్రమం తప్పితే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది. చివరిగా, రెండు అంచులూ సమాంతరంగా ఉన్న వెడల్పాటి పలకను రెండు ముక్కలుగా కోయండి. ఒక ముక్కను తిరగేసి, రెండింటినీ అడ్డపట్టీకి ఆనించి కోత అంచులు కలపండి. మధ్యలో సందు కనిపిస్తే, మీ తప్పు ఆ సందులో సగం.

ఈ రంపాలు కచ్చితంగా కోయవనే అపవాదు ఎప్పటినుంచో ఉంది. రోజుకో కోణానికి ఇనుప చేతిని తిప్పుతూ పోతే ఏ రంపమైనా కుదురు తప్పుతుంది. మీరు దాన్ని 90 దగ్గర సరిచేసి, అక్కడే వదిలేయండి. అలమర పక్క పలకల్లో అరలు కూర్చునే గాడులు తీయడంలో దీనికి సాటి లేదు. గీత పైనుంచి కళ్ల ముందే కనిపిస్తుంది, చెక్క కదలదు, బ్లేడే కదులుతుంది.

ప్రశ్న: అడ్డంగా కోసేటప్పుడు నా రేడియల్ ఆర్మ్ సా నా మీదికి దూకినట్లు వస్తోంది. మోటారు లోపమా?

జవాబు: కాదు, దాని స్వభావమే అది. చెక్కను తాకే పళ్లు మీ వైపు నుంచి అడ్డపట్టీ వైపు తిరుగుతాయి. అందుకే అవి చెక్కను పట్టుకుని మోటారును మీ వైపు లాక్కొస్తాయి. ఎక్కువ కొక్కెంలా వంగిన పళ్లుంటే ఈ దూకుడు పెరుగుతుంది. టేబుల్ సా (బ్లేడు బల్ల కింద నుంచి పైకి వచ్చే రంపం) కోసం చేసిన బ్లేడు తగిలించి ఉంటే తీసేయండి. పంటి వంపు (హుక్ యాంగిల్) మైనస్ 5 నుంచి ప్లస్ 5 డిగ్రీల మధ్య ఉన్న బ్లేడు కొనండి. పాత రంపం మీద ఖర్చు పెట్టదగిన మొదటి వస్తువు ఇదే. లాగే చేయి బిగువుగా ఉంచండి, రెండో చేయి బ్లేడు దారికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, చేతులు ఒకదాని మీదుగా ఒకటి ఎప్పుడూ పోకూడదు. కోత కాగానే రంపాన్ని అడ్డపట్టీ వెనక్కి నెట్టేయండి.

మోటారును పక్కకు తిప్పి నిలువుకోత, అంటే చెక్క పొడవునా కోత, కూడా కోయవచ్చని సూచనల పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో నేర్చుకుంటున్నవారికి నేను ఆ సలహా ఇవ్వను. చెక్కను పొరపాటున తప్పు వైపు నుంచి తోస్తే బ్లేడు దాన్ని ఈటెలా విసిరేస్తుంది, తోస్తున్న చేతిని కూడా వెంట లాగుతుంది. నిలువుకోతకు టేబుల్ సా వాడండి, లేదా దుకాణంలోనే కోయించి తెచ్చుకోండి.

ప్రశ్న: ఫోనులోని కోణాలు కొలిచే యాప్‌తో రంపాన్ని సరిచేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ యాప్ భూమ్యాకర్షణను ఆధారంగా తీసుకుంటుంది కనుక బ్లేడు వాలును ఉజ్జాయింపుగా చెప్పగలదు. బల్ల మీద పడుకోబెట్టిన కోణాన్ని, అంటే అడ్డపట్టీకి కోతకు మధ్య ఉన్నదాన్ని, అలా కొలవలేదు. పైగా అర డిగ్రీ తప్పు 30 సెంటీమీటర్ల పలక మీద 2.6 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. మంచి ఇనుప మూలమట్టం ఒకటి కొనండి.

ప్రశ్న: అమెరికా నుంచి హైదరాబాద్‌కు తిరిగి వచ్చేస్తున్నాం. సామానుతో పాటు నా రేడియల్ ఆర్మ్ సా తెచ్చుకోవచ్చా?

జవాబు: అక్కడే ఎవరికైనా ఇచ్చి రండి. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది కానీ, మన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవర్తనాల) విద్యుత్తు అమెరికాలోలా 60 హెర్ట్జ్ కాదు, ఈ మోటారు వేగం దాని మీదే ఆధారపడుతుంది. నిమిషానికి 3450 చుట్లు తిరిగే మోటారు ఇక్కడ సుమారు 2875 చుట్లే తిరుగుతుంది, అదే వోల్టేజీకి ఎక్కువ వేడెక్కుతుంది. అడ్డకోతలకు 230 వోల్టుల స్లైడింగ్ మైటర్ సా (బ్లేడు కిందికి దిగి ముందుకూ వెనక్కూ జరిగే రంపం) ఇక్కడే కొనుక్కోవచ్చు. ఇచ్చేటప్పుడు మాత్రం గార్డు సంగతి, మోడల్ నంబరు సంగతి తీసుకునేవారికి చెప్పండి.