సౌండ్‌బార్‌లో టీవీ సౌండ్ రావడం లేదు, తప్పు మాది కాదంటే మాది కాదంటున్నారు: కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో సౌండ్‌బార్ కొని రెండు నెలలైంది. ఆన్ అవుతుంది, లైటు వెలుగుతుంది, రిమోట్ కూడా పనిచేస్తుంది, కానీ టీవీ సౌండ్ మాత్రం అందులోంచి రాదు. వాపసు గడువు పది రోజులేనట, అది దాటిపోయింది. సౌండ్‌బార్ కంపెనీ టెక్నీషియన్ రెండుసార్లు వచ్చి, ‘వస్తువులో లోపం లేదు, సమస్య టీవీది’ అని రాసి వెళ్లాడు. టీవీ కంపెనీవాళ్లేమో సౌండ్‌బార్‌నే మార్చుకోమంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్తే డబ్బు తిరిగి వస్తుందా? ఎవరి మీద వెయ్యాలి?

జవాబు: వెయ్యొచ్చు. కానీ ఈరోజు మీ చేతిలో ఉన్న కాగితాలతో వేస్తే నెగ్గుతారని నేను చెప్పలేను. ఎందుకంటే సాంకేతిక విషయం మీద మీ దగ్గరున్న ఒకే ఒక్క రాత ఆ టెక్నీషియన్ జాబ్ షీట్ (వచ్చి చూసి రాసిచ్చిన కాగితం), అది పూర్తిగా మీకు వ్యతిరేకంగా ఉంది. మీరు ఫిర్యాదు వేసిన మర్నాడే కంపెనీ లాయరు దాన్ని జెరాక్స్ తీసి తన జవాబుకి (కౌంటర్‌కి) జత చేస్తాడు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10) ‘లోపం’ అంటే ఏమిటో చెబుతుంది. నాణ్యతలోనో ప్రమాణంలోనో కొరత ఉండాలి, ఆ ప్రమాణం చట్టం పెట్టినదైనా కావచ్చు, ఒప్పందంలోదైనా కావచ్చు, అమ్మినవాడు తన వస్తువు గురించి చెప్పుకున్నదైనా కావచ్చు. అంటే ‘సౌండ్ రావడం లేదు’ అన్నంత మాత్రాన అది లోపం అయిపోదు. ఎందుకు రావడం లేదన్నది తేలాలి. సౌండ్‌బార్ చెడిపోయి ఉండొచ్చు, టీవీలో పోర్టు చెడిపోయి ఉండొచ్చు, రెండూ బాగానే ఉండి ఎక్కడో ఒక సెట్టింగ్ తప్పయి ఉండొచ్చు, లేదా ఆ రెండూ కలిసి పనిచేసేవే కాకపోవచ్చు. ఒక్కోదానికి ప్రతివాది వేరు, చివరి రెండిట్లో అయితే అసలు కేసు ఉందా లేదా అన్నదే ప్రశ్న. కాబట్టి లీగల్ నోటీసు సంగతి పక్కన పెట్టి ముందు ఒక పూట టీవీ వెనక్కి చేరండి. నేను ఇంజనీరుని కాను, కానీ ఇలాంటి ఫైళ్లు చూసి చూసి ఈ మాత్రం వచ్చింది.

మొదట టీవీని వదిలేసి, ఫోన్‌ని బ్లూటూత్‌తో సౌండ్‌బార్‌కి కలిపి ఏదైనా పాట పెట్టండి. పాట కూడా రాకపోతే మీ పని సగం తేలికైనట్టే, వీడియో తీసి పెట్టుకోండి, టీవీ సమస్య అన్న వాదన అక్కడితో చాలా బలహీనపడుతుంది. పాట వస్తే మాత్రం స్పీకర్లు, యాంప్లిఫయరు బాగున్నట్టు, గొడవంతా టీవీకీ దానికీ మధ్యనే ఉంది.

ఇక కేబుల్ సంగతి. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా, సౌండ్‌ని బయటికి పంపేది సాధారణంగా ఒక్కటే ఉంటుంది, దాని పక్కన ఆర్క్ (ARC, టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా సౌండ్‌బార్‌కి పంపే మార్గం) అనో, దాని కొత్త రకం ఈఆర్క్ (eARC) అనో రాసి ఉంటుంది. వేరే పోర్టులో పెడితే కేబుల్ పట్టుకుంటుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, సౌండ్ మాత్రం రాదు. సౌండ్‌బార్ వైపు కూడా రెండు పోర్టులుంటే ‘అవుట్’ లేదా ‘టీవీ ఆర్క్’ అని ఉన్నదాంట్లో పెట్టాలి, ‘ఇన్’ అన్నది సెట్‌టాప్ బాక్సులాంటివాటికి. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, ఈఆర్క్ 2017లో 2.1తో వచ్చింది. 2009 కంటే పాత టీవీలో ఆర్క్‌ని వెతికి లాభం లేదు.

పోర్టు సరిగ్గానే ఉంటే టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే సదుపాయం) ఆన్ అయి ఉందో లేదో చూడండి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. సౌండ్ అవుట్‌పుట్‌ని టీవీ స్పీకరు నుంచి ఆర్క్‌కి మార్చండి, డిజిటల్ ఆడియో ఫార్మాట్‌ని పీసీఎం అనే సాదా ఫార్మాట్‌కి మార్చండి (టీవీ పంపే ఫార్మాట్ సౌండ్‌బార్‌కి అర్థం కానప్పుడు కూడా నిశ్శబ్దమే), సౌండ్‌బార్ రిమోట్‌తో సోర్సు మార్చి చూడండి. రెండిటికీ ప్లగ్గులు పీకి కాసేపాగి మళ్లీ పెట్టండి, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే చెయ్యండి. తరవాత హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ కేబుల్‌తో (సౌండ్‌ని కాంతి రూపంలో పంపేది) ప్రయత్నించండి, చివర ఉండే చిన్న ప్లాస్టిక్ మూత తీశారో లేదో చూసుకుని మరీ. ఆప్టికల్‌లో వచ్చి ఆర్క్‌లో రాకపోతే, అనుమానం హెచ్‌డీఎంఐ కేబుల్ మీదకో రెండు ఆర్క్ పోర్టుల్లో ఒకదాని మీదకో వస్తుంది. ముందు కేబుల్ మార్చండి, అది చవకలో తేలిపోయే సంగతి.

ఇప్పుడు అసలైన పరీక్ష, కేసుని తేల్చేది ఇదే. మీ సౌండ్‌బార్‌ని అదే కేబుల్‌తో ఇంకొకరి టీవీ ఆర్క్ పోర్టుకి పెట్టండి. వీలైతే ఇంకొకరి సౌండ్‌బార్‌ని మీ టీవీకి పెట్టండి. మీ సౌండ్‌బార్ అక్కడా మౌనంగా ఉండి, వాళ్లది మీ ఇంట్లో మోగితే మీ ప్రతివాది ఎవరో తెలిసిపోయింది. తిరగేసి జరిగితే టీవీ కంపెనీ. మీ సౌండ్‌బార్ అక్కడ మోగి, వాళ్లదీ మీ ఇంట్లో మోగితే ఆ రెండిటికీ పొసగడం లేదన్నమాట, అది వేరే కథ, కింద చెబుతాను.

ఇదంతా వీడియో తీయండి. ఎడిటింగ్ లేకుండా ఒకే వీడియోగా, సీరియల్ నంబరు, పోర్టు మీద రాత, సెట్టింగు స్క్రీన్ అన్నీ కనిపించేలా. అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపి ఇటు డిలీట్ చెయ్యకండి. వినియోగదారుల కమిషన్లు (మీరంటున్న కన్స్యూమర్ కోర్టులు ఇవే) సాక్ష్యాల చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకోవు గానీ, భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ (ఆ వీడియో ఏ పరికరంలో ఎలా తీసిందో ధ్రువీకరించేది) జత చేస్తే అవతలివాళ్ల నోటికి ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఆ తరవాత రాతపూర్వకంగా మళ్లీ కంప్లయింట్ పెట్టి టెక్నీషియన్‌ని పిలిపించండి. ఈసారి మీ ఎదుటే పరీక్షించమనండి. జాబ్ షీట్ మీద సంతకం పెట్టేముందు చదవండి, ‘ఆర్క్ ద్వారా శబ్దం రాలేదు, వేరే టీవీతో పరీక్షించలేదు’ అని, ఏది జరిగితే అది, మీ చేత్తో మీరే రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే అదే విషయం వెంటనే ఈమెయిల్ చెయ్యండి. ముఖ్యంగా ఓటీపీ. సమస్య తీరకుండా ఓటీపీ చెప్పకండి, చెప్పారంటే వాళ్ల సిస్టమ్‌లో ‘కస్టమర్ సంతృప్తి చెందారు’ అని కంప్లయింట్ మూసేస్తారు, ఆ మూసేసిన రికార్డుని పట్టుకుని మనం కిందా మీదా పడాలి.

పది రోజుల గడువు గురించి మీరు పెట్టుకున్న టెన్షన్ అనవసరం. అది అమ్మినవాళ్ల రిటర్న్ పాలసీ, అది ముగిస్తే వారంటీ ముగియదు, చట్టం ఇచ్చిన హక్కూ పోదు. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. మీరు కొన్న ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ అధికారి (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారికి ఈమెయిల్ పెట్టారా? పెట్టకపోతే ఈరోజే పెట్టండి.

పొసగని కేసు సంగతి. టీవీకి ఆర్క్ లేదు, లేదా ఆ రెండూ కలవవు అని తేలింది, వస్తువులో లోపమైతే లేదు. అప్పుడు అమ్మినవాడు ఏం చెప్పాడన్నదే ప్రశ్న. వస్తువుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 ప్రకారం, ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ పనికి పనికొచ్చి తీరాలి. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, బ్రాండు పేరు చెప్పి ఇదే కావాలని కొన్న వస్తువుకి ఈ షరతు వర్తించదని. అవతలి లాయరు దాన్నే ఎత్తుకుంటాడు. అందుకే ‘ఫలానా మోడల్ టీవీతో పనిచేస్తుందా’ అని మీరు చాట్‌లో అడిగి, ‘చేస్తుంది’ అని వాళ్లు జవాబిచ్చి ఉంటే అది బంగారం. ‘అన్ని టీవీలతో పనిచేస్తుంది’ అని ప్రొడక్ట్ పేజీలో ఉంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీయండి, రేపటికి అక్కడ ఉంటుందని నమ్మకం లేదు. ‘ఆర్క్ ఉన్న టీవీ అవసరం’ అని రాసి ఉండి మీరు చూసుకోకపోతే మాత్రం, నిష్ఠూరంగా ఉన్నా చెబుతున్నాను, కేసు వెయ్యకండి.

ఎవరి మీద అంటే, అమ్మిన విక్రేత, తయారీదారు లేదా దిగుమతిదారు, ప్లాట్‌ఫామ్, పైపైన చూసి రాసిపోయిన సర్వీస్ సెంటర్. ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అని ప్లాట్‌ఫామ్ తప్పకుండా అంటుంది, అననివ్వండి. టీవీ కంపెనీని కోపంతో చేర్చకండి గానీ, పరీక్షల తరవాత కూడా అనుమానం మిగిలితే చేర్చడమే నయం, లేకపోతే అందరూ కలిసి అక్కడ లేనివాడి మీదకి నెట్టేస్తారు. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద వస్తువుని లేబొరేటరీకి పంపమని కమిషన్‌ని కోరవచ్చు, నివేదిక 45 రోజుల్లో రావాలి, దాని ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనవచ్చు.

ఫిర్యాదు మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. వస్తువు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే వెయ్యొచ్చు. దానికి ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చెయ్యండి, చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. నోటీసు ఇవ్వాలని చట్టంలో లేదు, కానీ పదిహేను రోజుల గడువుతో ఒకటి స్పీడ్ పోస్టులో పంపితే మంచిది. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వెయ్యడానికి మీకున్న గడువు రెండేళ్లు, నోటీసులు పంపుకుంటూ కూర్చుంటే అది పెరగదు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. నా అనుభవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది.

కోరేది సూటిగా రాయండి. మార్చివ్వాలి, లేదా వడ్డీతో డబ్బు వాపసు, ఖర్చులు, కొంత పరిహారం. ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు చేసిన హానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత) అని ఎక్కడో చదివి లక్షలు అడిగేవాళ్లున్నారు, ఆ అధ్యాయం వస్తువు వల్ల మనిషికో వేరే ఆస్తికో హాని జరిగినప్పటిది, వస్తువే పనిచెయ్యకపోవడం అందులోకి రాదు.

మధ్యలో వాళ్లు వేరే మోడల్ ఇస్తామంటే కాదనకండి. కాకపోతే అది మీ ఇంట్లో, మీ టీవీతో, ఆర్క్ మీద మోగిన తరవాతే రాజీ కాగితం మీద సంతకం పెట్టండి, వారంటీ కొత్త తేదీ నుంచి మొదలవుతుందని అందులో రాయించండి.