సొంతవాళ్ల మీదే కాల్పులు ఎలా జరుగుతాయి?

ప్రశ్న: సార్, మా అన్నయ్య ఆర్మీలో ఉన్నాడు. ఫ్రెండ్లీ ఫైర్ వార్త చదివినప్పుడల్లా ఒకటే డౌట్, చేతిలో రేడియో ఉంది జీపీఎస్ ఉంది, అయినా ఒకే సైన్యంలోని రెండు గస్తీ టీములు ఒకరినొకరు ఎలా కాల్చుకుంటాయి? కాల్చిన జవాన్‌దే తప్పా?

జవాబు: తమ్ముడూ, గుర్తుపట్టకుండా కాల్చినవాడికి బాధ్యత లేదనను, కానీ చాలాసార్లు తప్పు టీములు బయల్దేరకముందే జరిగిపోయి ఉంటుంది. ఎవరి ఏరియా ఎక్కడిదాకా, ఏ దారిన పోతారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ రాత్రి పాస్‌వర్డ్ ఏంటి, ఇవన్నీ పక్క టీముకీ కాపలావాళ్లకీ చేరాలి, ఒక్కటి చేరకపోయినా చీకట్లో కదిలే మనిషి శత్రువులాగే కనిపిస్తాడు. 1982లో బ్రిటన్‌కీ అర్జెంటీనాకీ జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో జూన్ 2న బ్రిటిష్ నేవీ కమాండో దళం ఎస్‌బీఎస్ గస్తీ ఒకటి, వాళ్ల ఆర్మీ కమాండో దళం ఎస్‌ఏఎస్‌కి ఇచ్చిన ఏరియాలోకి వెళ్లింది, అర్జెంటీనా వాళ్లేమో అనుకుని ఎస్‌ఏఎస్ వాళ్లు కాల్చారు, ఒక సార్జెంట్ చనిపోయాడు. రెండూ మామూలు టీములు కావు, ఆ దేశంలో టాప్ ట్రైనింగ్ ఉన్నవి.

ఇక రేడియో అంటారా, కొండల మధ్య అది కలుస్తుందన్న గ్యారంటీ లేదు. 2004 ఏప్రిల్ 22న ఆఫ్ఘనిస్తాన్‌లో బండి ఒకటి చెడిపోయిందని అమెరికన్ ప్లటూన్‌ని, అంటే ఒక చిన్న సైనిక దళాన్ని, రెండుగా విడగొట్టారు. ఇరుకు లోయలో వెనకవాళ్ల మీద దాడి జరుగుతుంటే ముందు వెళ్లినవాళ్లు సాయం చేద్దామని గట్టు ఎక్కారు, ఆ మాట వెనకవాళ్లకి రేడియోలో అందలేదు, లోయలోంచి బయటికొస్తూ పైన కనిపించినవాళ్లని కాల్చేశారు. అమెరికన్ ఫుట్‌బాల్ కెరీర్ వదిలి సైన్యంలో చేరిన పాట్ టిల్‌మన్, పక్కనే ఉన్న ఆఫ్ఘన్ సైనికుడు ఇద్దరూ పోయారు. శత్రువు చేతిలో చనిపోయాడనే ముందు ఇంట్లోవాళ్లకి చెప్పారు, నిజం చెప్పడానికి ఐదు వారాలు పట్టింది, నాకు మాత్రం ఆ కాల్పుల కంటే ఇదే క్షమించలేనిది.

జీపీఎస్ కూడా అంతే. 2001 డిసెంబర్ 5న కాందహార్ దగ్గర ఒక అమెరికన్ కంట్రోలర్, అంటే బాంబు ఎక్కడ వేయాలో కింది నుంచి విమానానికి చెప్పేవాడు, జీపీఎస్‌లో బ్యాటరీ మార్చాడు, మళ్లీ ఆన్ అయ్యాక అది టార్గెట్ కాకుండా తను నిలబడ్డ చోటునే చూపించింది, ఆ చోటు లొకేషన్ నంబర్లే విమానానికి వెళ్లాయి, బాంబు సొంతవాళ్ల మీదే పడింది. ముగ్గురు అమెరికన్ సైనికులతో పాటు ఆఫ్ఘన్లూ చనిపోయారు, తర్వాత ఆఫ్ఘనిస్తాన్ అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్‌కి కూడా దెబ్బ తగిలింది. పంపేముందు ఆ నంబర్లని తాము ఉన్న చోటుతో ఒక్కసారి పోల్చి చూసుకుని ఉంటే అక్కడే దొరికిపోయేది, అర నిమిషం పని అది.