గోడకు కొత్త రంగు ఎందుకు వేశారో అడగండి

డాలస్ దగ్గర ఈమధ్యే ఇల్లు కొన్న ఒక తమ్ముడు మొన్న ఫోను చేశాడు. "అన్నా, పునాది దెబ్బతిన్న సంగతి అమ్మినవాళ్లు దాచారు. క్లోజింగ్ అయిపోయి ఇల్లు మా పేరున వచ్చాక ఇక చేసేదేమీ లేదా?" ఉంది తమ్ముడూ, అయితే గడువు దాటనివ్వకూడదు.

మాకూ ఇదే జరిగింది. డాలస్ పక్కనున్న ప్లేనోలో మేము పాత ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పడకగదిలో పచ్చి రంగు వాసన వచ్చింది. శుభ్రంగా ఉంచారని మురిసిపోయాం. కొన్నాక, ఆగస్టు ఎండలకు ఆ రంగు వేసిన గోడ మీదే తలుపు పైమూల నుంచి ఏటవాలుగా నెర్రె విచ్చింది. తలుపు గడియ పడటం మానేసింది. ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి పునాదిని కదిలిస్తుంది. నేను పూడ్చడానికి పుట్టీ తెచ్చాను. మా ఆవిడ ఆపి, నెర్రె పక్కన నాణెం ఆనించి ఫొటోలు తీసింది. ఎంత మంచి పని చేసిందో తర్వాత తెలిసింది.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 5.008 సెక్షన్ ప్రకారం, పాత ఇల్లు అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను కొనేవారికి నోటీసుగా రాసి ఇవ్వాలి. ఎవరూ కాపురం ఉండని కొత్త ఇంటికి ఇది వర్తించదు. ఒప్పందం అయ్యాక ఆ నోటీసు చేతికొస్తే, అందిన 7 రోజుల్లో మీరు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు.

"తెలిసిన" అన్న మాట మీదే కేసు నిలుస్తుంది. లోపం ఉందంటే చాలదు, అది వాళ్లకు తెలుసని చూపాలి. మాకు ఆధారం నగర కార్యాలయంలో దొరికింది. మేము కొనడానికి మూడేళ్ల ముందు, అదే పునాది మరమ్మతుకు అమ్మినవారే పర్మిట్ తీసుకున్నారు!

"ఉన్నది ఉన్నట్టుగా" కొంటున్నామని సంతకం చేశామే అని కుంగిపోకండి. మోసంతో ఒప్పించి ఉంటే ఆ షరతు అమ్మినవారిని కాపాడదని టెక్సస్ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

వినియోగదారుల రక్షణ చట్టం డీటీపీఏ కింద దావా వేయాలంటే 60 రోజుల ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దావాకు గడువు రెండేళ్లు. తెలిసే మోసగించారని తేలితే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల వరకు ఇప్పించవచ్చు. మోసం కింద వేసే దావాకు నాలుగేళ్లుంటాయి. 20,000 డాలర్ల లోపైతే, చిన్న మొత్తాల దావాలు వినే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేయవచ్చు. మా గొడవ కోర్టు దాకా పోలేదు. మధ్యవర్తి ముందు పర్మిట్ కాగితం పెట్టగానే అవతలి లాయరు బేరానికి దిగాడు.

ముందు ఫొటోలు తీయండి, స్ట్రక్చరల్ ఇంజనీరుతో నివేదిక రాయించండి, లాయరును కలవండి. మేస్త్రీని పిలిచేది ఆ తర్వాతే.